పేర్లు మారిపోయిన పాత స్టీమర్ హిస్టరీ మొత్తం ఎలా పట్టుకోవాలి

పాత అట్లాంటిక్ స్టీమర్ల గురించి వెతికేవాళ్లకి మొదట్లోనే ఒక చిక్కు ఎదురవుద్ది. ఓడ పేరు కొట్టి సెర్చ్ చేస్తే ఓ నాలుగైదేళ్ల కథ దొరుకుద్ది, ఆ తర్వాత ఎక్కడా కనపడదు, మునిగిపోయిందా అమ్మేశారా ఏంటో అర్థం కాదు. చాలాసార్లు ఏమీ అయ్యుండదండి, పేరు మారుంటది అంతే. అందుకే పేరు వెనకాల పోకుండా ఓడ వెనకాల పోవాలి. సిటీ ఆఫ్ పారిస్ అనే స్టీమర్ని తీసుకుని ఎలాగో చెప్తా, ఇది ప్రాక్టీస్‌కి బాగా పనికొస్తది.

ముందు పుట్టుక ఖాయం చేస్కోండి, అంటే ఏ యార్డు, ఎప్పుడు నీళ్లలోకి దింపారు, ఎవరి కోసం. మనది స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్ దగ్గర జె అండ్ జి థామ్సన్ వాళ్లు ఇన్మన్ లైన్ అనే ఓడల కంపెనీ కోసం కట్టింది, 1888 అక్టోబర్‌లో లాంచ్, 1889 ఏప్రిల్‌లో లివర్‌పూల్ నుంచి న్యూయార్క్‌కి మొదటి ట్రిప్. ఇది ఎందుకు ముఖ్యం అంటే అదే ఇన్మన్ లైన్‌కి 1866లో ఇంకో సిటీ ఆఫ్ పారిస్ ఉండేది, అదీ ఇదీ కలిపేస్తే మొత్తం గందరగోళం. సైజు చూస్తే ఇట్టే తేలిపోద్ది, మనది పదివేల టన్నులు దాటింది. ఈ టన్ను బరువు కాదు, లోపలి జాగా లెక్క, వంద ఘనపుటడుగులు ఒక టన్ను, చాలామంది ఇక్కడ పొరబడతారు.

తర్వాత ఒక కాగితం మీద ఏ ఏడాది ఏ పేరు, ఎవరి చేతిలో అని రాస్కుంటూ పోండి. 1893లో అమెరికా జెండా కిందకి వచ్చి పేరు ఉత్త పారిస్ అయింది, 1898లో స్పెయిన్‌తో యుద్ధం వస్తే అమెరికా నేవీ తీస్కుని యేల్ అని పెట్టింది, యుద్ధం అయ్యాక మళ్లీ పారిస్, 1901 నుంచి ఫిలడెల్ఫియా, 1918లో సైనికుల్ని మోయడానికి మళ్లీ నేవీలోకి పోయి హారిస్‌బర్గ్, చివరికి తిరిగి ఫిలడెల్ఫియా. లాయిడ్స్ రిజిస్టర్ అని ఓడల వివరాల జాబితా పుస్తకం ఉంది, దాని పాత సంపుటాలు స్కాన్ చేసి ఫ్రీగానే పెట్టారు, వాటిలో ఓడ ఎంట్రీ దగ్గర పాత పేరు కూడా వేస్తారు, ఒక పేరు నుంచి ఇంకో పేరుకి వెళ్లడానికి అదే దారి. నేవీలో ఉన్న రోజులకి మాత్రం అమెరికా నేవీ వాళ్ల నౌకల నిఘంటువు చూడండి, అందులో యేల్‌కీ హారిస్‌బర్గ్‌కీ విడిగా వెతకాలి.

స్పీడు రికార్డుల దగ్గర పేపర్ రాసింది గుడ్డిగా నమ్మకండి, మీరే భాగించి చూడండి. 1889 ఆగస్టు ట్రిప్ తీస్కోండి, దూరం 2,788 నాటికల్ మైళ్లు, పట్టింది 5 రోజుల 19 గంటల 18 నిమిషాలు, అంటే 139.3 గంటలు, భాగిస్తే 20 నాట్లకి (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) ఒక వెంట్రుక పైన వస్తది, సరిపోయింది. ఆ దూరం లివర్‌పూల్ నుంచి కాదు, ఐర్లాండ్‌లోని క్వీన్స్‌టౌన్ నుంచి న్యూయార్క్ బయట శాండీ హుక్ దాకా, అప్పట్లో రికార్డులు అలాగే లెక్కేసేవాళ్లు. లివర్‌పూల్ నుంచి కొలిస్తే లెక్క తేడా కొడుద్ది.

ఇంకోటి, ట్రిప్పుల్లో పెద్ద గ్యాప్ కనిపిస్తే వదలొద్దు, అసలు కథ అక్కడే ఉంటది. 1890 మార్చి నుంచి ఏడాది పైగా ఈ ఓడ సర్వీసులో కనపడదు. ఐర్లాండ్ దగ్గరికి వస్తుండగా కుడివైపు ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే ఇంజన్ నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు, విరిగింది, భారం పోయేసరికి ఇంజన్ అదుపు తప్పి తిరిగి ముక్కలైపోయింది, ఆ ముక్కలు పక్క గోడని కూడా చీల్చేసి రెండు ఇంజన్ గదుల్లోకీ నీళ్లొచ్చేశాయి. రెండు ప్రొపెల్లర్లు ఉంటే ఒకటి పోయినా రెండోది లాగుద్దని గొప్పగా చెప్పుకున్న ఓడ అది, చివరికి వేరే స్టీమర్ క్వీన్స్‌టౌన్‌కి లాక్కొచ్చింది, ప్రయాణికులంతా క్షేమం. ఇలాంటివి అప్పటి పేపర్లలో బోలెడు రాశారు, క్రానిక్లింగ్ అమెరికా అనే పాత అమెరికా పేపర్ల వెబ్‌సైట్‌లో డబ్బులు కట్టకుండా చదవొచ్చు, అయితే మొదటి రోజు వార్త మాత్రమే చదివి ఆగకండి, వారం తర్వాతది చదవండి, మొదటి రోజు సగం పుకార్లే ఉంటాయి.

1899 నుంచి 1901 దాకా ఇంకో గ్యాప్. 1899 మేలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో మానకిల్స్ అనే రాళ్ల గుట్టల దగ్గర ఎక్కి ఇరుక్కుపోయింది, జూలైలో గానీ బయటికి లాగలేకపోయారు. కొన్ని నెలల ముందే, 1898 అక్టోబర్‌లో, మొహీగన్ అనే స్టీమర్ ఆ రాళ్లకే కొట్టుకుని వందమందికి పైగా చనిపోయారు, వెతికేటప్పుడు ఆ రెండు ప్రమాదాల వార్తలూ కలిసిపోతాయి, తేదీ చూస్కోండి. మన ఓడలో ఎవరికీ ప్రాణం పోలేదు.

ఫోటోల సంగతికొస్తే పొగ గొట్టాలు లెక్కపెట్టండి. మూడుంటే 1899 ప్రమాదం దాకా ఉన్నప్పటిది, రెండే ఉంటే బెల్‌ఫాస్ట్‌లో కొత్త ఇంజన్లు పెట్టి మార్చాక ఫిలడెల్ఫియాగా తిరిగినప్పటిది. కింద క్యాప్షన్ ఏం రాసినా గొట్టాలు అబద్ధం చెప్పవు. 1902లో వైర్‌లెస్ మీద పనిచేసిన మార్కోని ఈ రెండు గొట్టాల ఫిలడెల్ఫియా మీదే అట్లాంటిక్ దాటుతూ పోల్డూ స్టేషన్ నుంచి వైర్‌లెస్ మెసేజులు అందుకున్నాడు, పూర్తి మెసేజులు దాదాపు 1,550 మైళ్ల దాకా వచ్చాయి. ఆ పోల్డూ కూడా మానకిల్స్ ఉన్న లిజార్డ్ ద్వీపకల్పంలోదే, భలే కుదిరింది.

చివరి ఎంట్రీ 1923, ఇటలీలో జెనోవాలో తుక్కు కింద విరగ్గొట్టారు. ఈ కాగితం పూర్తయ్యాక దీని జంట ఓడ సిటీ ఆఫ్ న్యూయార్క్ మీద ఇదే పద్ధతి ట్రై చెయ్యండి, దాని నేవీ పేర్లు హార్వర్డ్, ప్లాట్స్‌బర్గ్, ఆ రెండూ తెలిస్తే మిగతాది మీరే లాగెయ్యొచ్చు.