సిరిమాను కదలికను గ్రాఫులో గీయడం ఎలా?

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పండగలో బండి మీద ఊరేగించే పొడవాటి చెట్టుమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. చలనం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. దారి ఒకటే, పోవడం, ఆగడం, తిరిగి రావడం అన్నీ అందులోనే ఉన్నాయి. గళ్ళ కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. కింది అంకెలు మాత్రం లెక్క కుదరడానికి నేను వేసుకున్నవే.

ముందుగా మూలబిందువు, దిశ తేల్చుకోవాలి. మూడు లాంతర్ల దగ్గరి గుడి సున్నా. కోట వైపు ప్లస్, గుడి వైపు మైనస్. కోట తిన్నగా 400 మీటర్ల దూరంలో ఉందనుకుందాం.

తర్వాత రాశుల్ని, అంటే మనం కొలిచేవాటిని, వేరుచెయ్యండి. ‘ఎంత’ అని చెబితే చాలేవి అదిశలు: దూరం, కాలం, వడి. ‘ఎటు’ అని కూడా చెప్పాల్సినవి సదిశలు: స్థానభ్రంశం (బయల్దేరిన చోటు నుంచి ఎటు, తిన్నగా ఎంత జరిగిందో), వేగం. మాటల్లో వడి, వేగం ఒకటే అంటాం గానీ ఇక్కడ అలా కుదరదు.

ఒక్క రౌండుకి పట్టిక రాసుకుందాం:

0 నిమిషాలు – 0 మీటర్లు
8 నిమిషాలు – 160 మీటర్లు
12 నిమిషాలు – 160 మీటర్లు
20 నిమిషాలు – 400 మీటర్లు
24 నిమిషాలు – 400 మీటర్లు
40 నిమిషాలు – 0 మీటర్లు

అడ్డంగా కాలం, నిలువుగా స్థానభ్రంశం తీసుకుని చుక్కలు పెట్టి వరసగా కలపండి. మా ఇంట్లో గుంటడు ఇది చూసి, “ఏటిది, సిరిమాను కొండెక్కి దిగిందేటి?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, చాలామంది పొరబడేది ఇక్కడే. గ్రాఫు దారి బొమ్మ కాదు. గీత ఎంత ఎత్తున ఉంటే ఆ నిమిషానికి మాను గుడికి అంత దూరంలో ఉందని అర్థం, అంతే.

ఇక అసలు పని, వాలు చూడటం, అంటే గీత ఎంత నిటారుగా ఉందో లెక్కకట్టడం. స్థానభ్రంశంలో వచ్చిన మార్పుని పట్టిన కాలంతో భాగిస్తే వాలు వస్తుంది, అదే వేగం. మొదటి ముక్కలో 160ని 8తో భాగిస్తే నిమిషానికి 20 మీటర్లు. బల్లపరుపు ముక్కలో సున్నా, అంటే మాను ఆగింది. ఆ తర్వాత 8 నిమిషాల్లో 240 మీటర్లు, నిమిషానికి 30. అందుకే గీత ఇంకాస్త నిటారుగా లేచింది. తిరుగుదారిలో 16 నిమిషాలకి మైనస్ 400, అంటే మైనస్ 25. మైనస్ కదా అని నెమ్మదిగా వచ్చిందనుకోకండి, వడి 25 మీటర్లే. ఆ గుర్తు చెప్పేది దిశ ఒక్కటే.

రౌండు మొత్తానికి దూరం 800 మీటర్లు, సగటు వడి నిమిషానికి 20 మీటర్లు. స్థానభ్రంశం సున్నా, కాబట్టి సగటు వేగమూ సున్నా. మూడు రౌండ్లు తిరిగి 2400 మీటర్లు నడిచినా ఆ సున్నా మారదు. పొద్దంతా మాను వెంట నడిచినవాళ్ళ దగ్గర ఈ మాటెత్తకండి!

నిజం మాను ఠక్కున ఆగదు కాబట్టి గీత మూలలు కొంచెం వంపు తిరగాలి. వంపు ఉన్నచోట వేగం మారుతోందన్నమాట. అక్కడ ఏ క్షణంలో వేగం కావాలో ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ, అంటే వంపుని అక్కడ తాకుతూ పోయే తిన్నని గీత, గీసి దాని వాలు తీసుకోండి.

చివరగా మీ గీతను ఒకసారి సరిచూసుకోండి. ఎక్కడైనా నిట్టనిలువుగా ఉంటే తప్పు. కాలమే గడవకుండా మాను చోటు మారినట్టవుతుంది. తిరుగుదారిని ఎడమవైపుకి గీసినా తప్పే. మాను వెనక్కి వస్తుంది గానీ గంటస్తంభం ముల్లు రాదు కదా! ఆ ముక్క కిందికి దిగుతూ కుడివైపుకే పోవాలి.