క్యాథలిక్ స్కూల్లో ఎనిమిదో గ్రేడ్: ఏం నేర్పిస్తారు, ఇంట్లో మనం ఎలా సాయం చేయాలి

అమెరికాలో క్యాథలిక్ స్కూళ్లు చాలావరకు కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా ఒకే చోట ఉంటాయి, మిడిల్ స్కూల్ అంటే అందులోనే ఆరు, ఏడు, ఎనిమిది, ఎనిమిది అయిపోగానే హైస్కూల్‌కి వేరే చోటికి వెళ్లాల్సిందే. మా అబ్బాయి పోయిన జూన్‌లో ఆ ఏడాది పూర్తి చేశాడు, ఇప్పుడు చిన్నమ్మాయి మొదలుపెట్టబోతోంది. మేము హిందువులం, డిసిప్లిన్ బాగుంటుందని, క్లాసులో పిల్లలు తక్కువ ఉంటారని చేర్పించాం. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అసలు లాస్ట్ ఇయర్‌లో ఏం చెప్తారు, మనం ఏం చేయాలి అని అడుగుతూనే ఉన్నారు, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందు అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్తా. రెలిజియన్ పుస్తకాన్ని మనది కాదు కదా అని పక్కన పెట్టకండి. మేము ఫస్ట్ క్వార్టర్‌లో అదే తప్పు చేశాం, సాయంత్రం కూర్చుంటే మ్యాథ్స్, సైన్స్ అంతే, రెలిజియన్ వాడే చూసుకుంటాడులే అనుకున్నాం. రిపోర్ట్ కార్డ్ వచ్చాక చూస్తే రెలిజియన్‌లో టీచర్ రాసిన మాటే సోషల్ స్టడీస్‌లోనూ ఇంగ్లీష్‌లోనూ ఉంది, "జవాబు కరెక్టే, కానీ ఎందుకో రాయలేదు" అని. ఎనిమిదో గ్రేడ్ అంతా ఆ "ఎందుకు" చుట్టూనే తిరుగుతుంది, దాన్ని అందరికంటే గట్టిగా అడిగేది రెలిజియన్ క్లాసే. అప్పట్నుంచి రోజూ పదిహేను నిమిషాలు ఆ నోట్‌బుక్ నాకు చదివి వినిపించమన్నా, నాకు తెలియదు కాబట్టి నేను నిజంగానే అడిగేదాన్ని, వాడు నిజంగానే వివరించాల్సి వచ్చేది. వాడి రాత మారింది అక్కడే.

ఆ క్లాసులో ఏముంటుందంటే, చాలా స్కూళ్లలో ఎనిమిదికి చర్చి చరిత్ర పెడతారు. పెంతెకోస్తు, అంటే యేసు శిష్యుల మీదికి పవిత్రాత్మ దిగివచ్చిందని నమ్మే రోజు, అక్కడ మొదలై యేసు శిష్యులు పేతురు, పౌలు, రోమన్ చక్రవర్తుల హింస, 313లో కాన్‌స్టాంటైన్ ఇచ్చిన మత స్వేచ్ఛ, 325లో బిషప్‌లు కూడి నమ్మకాల మీద తీర్మానాలు చేసిన నైసియా సభ, 1054లో తూర్పు పడమర చర్చిలు విడిపోవడం, 1517లో చర్చిని ప్రశ్నించి ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్, దానికి జవాబుగా 1545 నుంచి 1563 దాకా క్యాథలిక్ చర్చి జరిపిన ట్రెంట్ సభ, చివరికి 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ సభ. సంవత్సరాలు బట్టీ పట్టిస్తే వారం తిరక్కుండా మర్చిపోతారు. మేము చేసింది చెప్తా. ప్యాకింగ్‌కి వాడే బ్రౌన్ పేపర్ రోల్ తెచ్చి హాల్‌వే గోడకి ఇరవై అడుగులు అంటించాం, వంద ఏళ్లకి ఒక అడుగు లెక్క. వాడే స్కేల్ పెట్టి కొలిచి గీతలు గీశాడు. నైసియాకి, 1054కి మధ్య ఏడు అడుగులు పైన ఖాళీగా ఉంది, లూథర్ నుంచి ట్రెంట్ సభ పూర్తయ్యేదాకా చూస్తే ఆరు అంగుళాలు కూడా లేదు. "ఇంత చిన్న జాగాలో ఇంత గొడవ జరిగిందా" అని వాడే అడిగాడు, ఆ ప్రశ్ననే వాడి టర్మ్ పేపర్‌కి టాపిక్ చేసుకున్నాడు. తర్వాత మొదటి అడుగు మధ్యలో 52 అని గీత పెట్టి తోమా ఇండియా అని రాశాడు, యేసు శిష్యుడు తోమా ఆ ఏడు కేరళ తీరానికి వచ్చాడని అక్కడి క్రైస్తవుల సంప్రదాయం. టీచర్ దాని గురించి క్లాసులో చెప్పమందట, ఆ రోజు ఇంటికొచ్చిన మొహం చూడాలి.

సెయింట్ రిపోర్ట్ కూడా సాధారణంగా ఈ ఏడాదే ఉంటుంది. మన పిల్లలు అందరూ మదర్ తెరీసానే తీసుకుంటారు, ఆమె గురించి రాయకూడదని కాదు, కానీ దేవసహాయం పిళ్లై లాంటివాళ్లు కూడా ఉన్నారు, 1712లో ఇప్పటి కన్యాకుమారి జిల్లాలో హిందూ కుటుంబంలో పుట్టి, తర్వాత క్రైస్తవం తీసుకుని, 1752లో చంపబడ్డాడు, 2022లో సెయింట్‌గా ప్రకటించారు. ఇంట్లో మాట్లాడుకోడానికి చాలా ఉంటుంది ఆ కథలో, పిల్లలు అడిగే ప్రశ్నలకి భయపడకండి.

కన్ఫర్మేషన్ గురించి చాలామందికి కన్‌ఫ్యూజన్ ఉంది. బాప్తిస్మం పొందినవాళ్లని విశ్వాసంలో స్థిరపరిచే క్యాథలిక్ సంస్కారం ఇది. తెలుగు క్యాథలిక్ చర్చిల్లో దీన్ని భద్రమైన అభ్యంగనం అంటారు, బిషప్ వచ్చి పిల్లల నుదుటి మీద పరిమళ తైలం రాస్తాడు. చాలా డయోసిస్‌లలో, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాల్లో, ఎనిమిదో గ్రేడ్‌లో ఇస్తారు, కొన్నిచోట్ల ఇంకా ముందో హైస్కూల్‌లోనో ఇస్తారు, వయసు అక్కడి బిషప్ నిర్ణయం. మీరు క్యాథలిక్స్ అయితే స్పాన్సర్‌ని, అంటే ఆ రోజు పిల్లల పక్కన నిలబడే పెద్దవాళ్లని, తొందరగా చూసుకోండి, వాళ్లు కన్ఫర్మేషన్ పొందిన క్యాథలిక్ అయుండాలి, మామూలుగా పదహారేళ్లు నిండుండాలి, అమ్మానాన్నలు పనికిరారు. ఊళ్లో ఉన్న మేనమామనో పెద్దమ్మనో పెట్టాలనుకుంటే ఆఖరి నెలలో పరిగెత్తాల్సొస్తుంది, సెప్టెంబర్‌లోనే ప్యారిష్ ఆఫీసులో, అంటే మీ చర్చి ఆఫీసులో, అడిగేయండి. క్యాథలిక్స్ కానివాళ్ల పిల్లలు కన్ఫర్మేషన్ తీసుకోరు, కానీ క్లాసులో పవిత్రాత్మ ఏడు వరాలు, మత్తయి ఐదో అధ్యాయంలో ఉన్న అష్ట భాగ్యాలు అందరూ చదవాలి, అందరికీ టెస్ట్ ఉంటుంది. స్కూల్ మాస్‌కి, అంటే చర్చిలో జరిగే పూజకి, కూడా అందరూ వెళ్తారు. దివ్యసత్ప్రసాదం, అంటే ఆ పూజలో క్యాథలిక్స్‌కి ఇచ్చే అప్పం, తీసుకునే టైమ్‌లో మనవాళ్లు సీట్లోనే ఉండొచ్చు, లేదా చాలా చర్చిల్లో చేతులు రెండూ గుండె మీద క్రాస్ చేసుకుని వెళ్తే ఫాదర్ ఆశీర్వదిస్తారు. ఇది ముందే ఇంట్లో చెప్పి పంపండి, లైన్లో నిలబడ్డాక ఏం చేయాలో తెలియక పిల్లలు ఇబ్బంది పడతారు.

సర్వీస్ అవర్స్, అంటే బయట సేవ చేసే గంటలు, ఎన్ని చేయాలో స్కూల్ చెప్తుంది, గంటలు లెక్కపెట్టడం ఈజీ, కష్టం ఏంటంటే తర్వాత రాసే రిఫ్లెక్షన్. మావాడు మొదట రాసింది నాలుగు లైన్లు, ఫుడ్ ప్యాంట్రీకి వెళ్లాను, డబ్బాలు సర్దాను, సంతోషంగా అనిపించింది అని. నేను ఒక్కటే అడిగాను, ఆ రోజు నువ్వు చూసినవాళ్లలో ఒక్క మనిషి గురించి చెప్పు అని. కాసేపు ఆలోచించి చెప్పాడు, ఒక పెద్దావిడ బీన్స్ డబ్బా తీసుకుని మళ్లీ తిరిగి పెట్టేసిందట, తన దగ్గర డబ్బా ఓపెన్ చేసే కట్టర్ లేదని, రింగ్ లాగితే ఊడొచ్చే డబ్బా ఉందా అని అడిగిందట. వీడు వెతికి రెండు తెచ్చిచ్చాడు. రిఫ్లెక్షన్ అదే రాయమన్నా. దాన్ని క్లాసులో చెప్పిన క్యాథలిక్ సోషల్ టీచింగ్‌కి, అంటే మనిషి గౌరవం, పేదవాళ్ల పక్షాన నిలబడటం, 1891లో పోప్ పదమూడో లియో కార్మికుల గురించి రాసిన లేఖ దగ్గర్నుంచి వస్తున్న ఆలోచనకి కలిపి రాశాడు. మీరూ అదే చేయండి, పిల్లలకి వాక్యాలు రాసివ్వకండి, ఒక మనిషిని గుర్తు తెచ్చుకోమనండి చాలు.

మ్యాథ్స్‌లో ప్రీ ఆల్జీబ్రా లేదా ఆల్జీబ్రా వన్ ఉంటుంది, ఏది అనేది ఏడో గ్రేడ్ మార్కుల బట్టి. ఇక్కడ పిల్లలు పోగొట్టుకునే మార్కులు ఎక్కువగా బ్రాకెట్ దగ్గరే. 3(x−4) = 2x+5 ఇస్తే తొందరలో 3x−4 అని రాసేసి x = 9 తెచ్చేస్తారు. తిట్టకండి, ఆ 9ని వెనక్కి పెట్టి చూడమనండి, ఎడమవైపు 15 వస్తుంది కుడివైపు 23 వస్తుంది, తప్పు వాళ్లకే దొరుకుతుంది. 3x−12 అని సరిగ్గా రాస్తే x = 17, రెండువైపులా 39. జవాబు వెనక్కి పెట్టి చూసే అలవాటు ఈ ఒక్క ఏడాదిలో చేయించగలిగితే హైస్కూల్‌లో చాలా హాయి.

సైన్స్ చాలాచోట్ల ఫిజికల్ సైన్స్, పీరియాడిక్ టేబుల్, బలాలు, శక్తి. క్యాథలిక్ స్కూల్ కదా పరిణామ సిద్ధాంతం చెప్పరేమో అని చాలామంది అడుగుతారు. సైన్స్ క్లాసులో చెప్తారు, క్యాథలిక్ చర్చి దాన్ని వ్యతిరేకించదు. బఠాణీ మొక్కలతో జెనెటిక్స్‌కి పునాది వేసిన మెండెల్ అగస్టీనియన్ సన్యాసి, విశ్వం విస్తరిస్తోందని 1927లో పేపర్ రాసిన లెమైట్ర్ ఒక క్యాథలిక్ ఫాదర్, మా పిల్లల క్లాసులో వీళ్ల పోస్టర్లే ఉంటాయి.

సోషల్‌లో అమెరికా చరిత్ర, రాజ్యాంగం. 1787లో ఫిలడెల్ఫియాలో రాసుకోవడం, 1791లో మొదటి పది సవరణలు, ఇప్పటికి మొత్తం 27 సవరణలు, సివిల్ వార్. ఇలినాయ్ లాంటి రాష్ట్రాల్లో ఎనిమిదిలో కాన్‌స్టిట్యూషన్ టెస్ట్ పెద్ద విషయం, పిల్లలు వారాల తరబడి చదువుతారు. మనలో చాలామంది సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి ఇవే చదువుతాం కాబట్టి ఇద్దరూ కలిసి కూర్చుని ఒకళ్లనొకళ్లు అడుక్కోండి, మా ఆయన అలాగే ప్రిపేర్ అయ్యారు. ఇంకో మంచి టాపిక్, 1925లో సుప్రీం కోర్టు తీర్పు. ఒరెగాన్ రాష్ట్రం పిల్లలందరూ పబ్లిక్ స్కూల్‌కే వెళ్లాలని చట్టం చేస్తే, ఒక సిస్టర్ల సంఘం కోర్టుకెళ్లి గెలిచింది. మన పిల్లలు ఆ స్కూల్లో కూర్చోగలగడానికి ఆ తీర్పు కూడా ఒక కారణం, ప్రాజెక్ట్‌కి బాగుంటుంది.

ఇక హైస్కూల్ ఎంట్రన్స్. క్యాథలిక్ హైస్కూల్‌కి వెళ్లాలంటే చాలాచోట్ల హెచ్‌ఎస్‌పీటీ, అంటే హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్, రాయాలి, న్యూయార్క్ వైపు టాక్స్ అని వేరే టెస్ట్ ఉంది. హెచ్‌ఎస్‌పీటీలో ఐదు భాగాలు, వెర్బల్, క్వాంటిటేటివ్, రీడింగ్, మ్యాథమెటిక్స్, లాంగ్వేజ్, మొత్తం 298 ప్రశ్నలు, టైమ్ దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు. వెర్బల్‌లో 60 ప్రశ్నలకి 16 నిమిషాలే, అంటే ఒక్కోదానికి 16 సెకన్లు. తప్పు జవాబుకి మార్కులు కోయరు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దని పది సార్లు చెప్పండి. క్వాంటిటేటివ్‌లో వరసలు వస్తాయి, 2, 6, 4, 12, 10 తర్వాత ఏంటి లాంటివి. మావాడు తేడాలు తీస్తూ ఇరుక్కుపోయేవాడు, ప్రతి రెండు అంకెల మధ్య ఏం జరిగిందో చిన్నగా పైన రాయడం నేర్చుకున్నాక, మూడుతో గుణించు, రెండు తీసెయ్, మళ్లీ అదే అని కనిపించి టక్కున 30 అనేవాడు. వేసవిలో రోజుకి ఇరవై నిమిషాలు, అక్టోబర్ నుంచి వారానికి ఒక ఫుల్ టెస్ట్ గడియారం పెట్టి, అంతకంటే అక్కర్లేదు. చాలా చోట్ల ఒక్కసారే రాయనిస్తారు, తేదీ, రిజిస్ట్రేషన్ ఏ హైస్కూల్‌లో అనేది ఓపెన్ హౌస్‌కి వెళ్లినప్పుడే కనుక్కోండి.

జనవరి చివర్లో క్యాథలిక్ స్కూల్స్ వీక్ వస్తుంది, అప్పుడు ఎనిమిదో గ్రేడ్ పిల్లలే అన్నీ ముందుండి నడిపిస్తారు. చాలా స్కూళ్లలో ఒక్కొక్కళ్లకి కిండర్‌గార్టెన్ బడ్డీ ఒకళ్లని ఇస్తారు, ఏడాదంతా మాస్‌లో పక్కన కూర్చోబెట్టుకోవాలి, పుస్తకం చదివి వినిపించాలి. దీనికి మార్కులుండవు, కానీ నాకు ఆ ఏడాది మొత్తంలో బాగా నచ్చింది ఇదే. మావాడికి దొరికిన బుడ్డోడికి షూ లేస్ కట్టుకోవడం రాదు. మావాడు ఇంటికొచ్చి తన షూ విప్పి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఎన్ని స్టెప్పుల్లో చెప్తే అర్థమవుతుందో అని రాసుకుంటూ కూర్చున్నాడు, ఆరు స్టెప్పులు వచ్చాయి. మార్చికల్లా ఆ బుడ్డోడు తనే కట్టుకోవడం మొదలుపెట్టాడు. జూన్‌లో గ్రాడ్యుయేషన్ మాస్ అయ్యాక ఆ బుడ్డోడు బయట పరిగెత్తుకుంటూ వచ్చి ముందు చూపించింది తన షూలే.