తలంబ్రాల గింజలు నేల మీద పడాలంటే

మా అక్క పెళ్ళి క్యాసెట్‌ను మొదటిసారి కంప్యూటర్‌లోకి 352×288లో (అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288 గీతలు) ఎక్కించాను. వీహెచ్‌ఎస్ క్యాసెట్‌లో ఉన్న వివరమే తక్కువ, అంతకన్నా ఏం వస్తుందిలే అనుకున్నాను. తీరా చూస్తే తలంబ్రాల దగ్గర బియ్యపు గింజలు పడటం లేదు, ఒకచోట మాయమై ఇంకోచోట తేలుతున్నాయి. క్యాసెట్‌కు ఇంకా బూజు పట్టలేదు కాబట్టి మళ్ళీ ఎక్కించగలిగాను.

మన పాత టీవీలది, క్యాసెట్లది పాల్ అనే వీడియో పద్ధతి. కనిపించే గీతలు 576, సెకనుకు 25 ఫ్రేములు. కానీ ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి: బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తేడాలో తీసినవి. 288 గీతలే అడిగితే సాధారణంగా ఒక ఫీల్డు పోతుంది, దానితోపాటు సగం కదలికా పోతుంది. వీహెచ్‌ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం ఎలాగూ తక్కువే. అటు 352 తీసుకున్నా పెద్ద నష్టం లేదు, నిలువుగా 576 మాత్రం వదలకండి. నేనైతే 720×576 తీసుకుంటాను.

క్యాప్చర్ చేసేటప్పుడు, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, డీఇంటర్లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చడం) ఆపేయండి. హఫ్‌వైయూవీ లాంటి నష్టంలేని కోడెక్‌లో (బొమ్మ ఏమీ చెడకుండా కుదించే పద్ధతిలో) దాచండి. గంటకు 30 జీబీ పైచిలుకు తింటుంది, తిననివ్వండి. అడుగున చిరిగినట్టు కదిలే గీతలను అప్పుడే కత్తిరించకండి: కత్తిరించడంలో పొరపాటున పైనుంచి బేసి సంఖ్యలో గీతలు తీస్తే ఫీల్డుల వరుస తలకిందులవుతుంది. చివర్లో నల్లపట్టీతో కప్పితే సరి.

డీఇంటర్లేస్ ఎప్పుడూ నకలు మీదే. పెళ్ళి వీడియోకు ప్రతి ఫీల్డునూ ఒక ఫ్రేముగా మార్చి సెకనుకు 50 తీయాలి. ఈ పనికి ఓపిక ఉంటే అవిసింత్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యూటీజీఎంసీ ఫిల్టరు, లేకుంటే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరు. అందులోనే ఉన్న యాడిఫ్ ఫిల్టరును ఏమీ చెప్పకుండా వాడితే 25 ఫ్రేములే ఇస్తుంది, మోడ్ 1 అని అడగాలి. మనుషులు ముందుకొకసారి వెనక్కొకసారి ఊగుతున్నారంటే ఫీల్డుల వరుస తప్పింది. డీవీ (డిజిటల్ టేపు) క్యామ్‌కార్డర్ నుంచి తెచ్చిన పాల్ ఫైళ్ళలో కింది ఫీల్డు ముందు వస్తుంది, చాలా క్యాప్చర్ కార్డుల్లో పైది ముందు. సైజు పెంచడం ఆ తర్వాతే. ముందే పెంచితే రెండు ఫీల్డులూ కలిసిపోయి ఇక విడదీయలేం.

అదే క్యాసెట్ చివర నాన్న దూరదర్శన్ నుంచి రికార్డు చేసిన సినిమా ముక్క ఉంది. దాని సంగతి వేరు. ఫిల్మును 25 ఫ్రేముల వేగంతో నడిపి ప్రసారం చేసినప్పుడు రెండు ఫీల్డులూ ఒకే బొమ్మవి. 50గా విడదీసి ఒక్కో ఫ్రేమూ జరిపి చూడండి: ప్రతి బొమ్మా రెండేసిసార్లు వస్తే అది సినిమా, దానికి డీఇంటర్లేస్ అక్కర్లేదు. అయినా దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే ఫీల్డుల జతలు ఒక ఫీల్డు మేర జరిగాయన్నమాట, ఒకే బొమ్మ ఫీల్డులను వెతికి కలిపే ఫీల్డ్ మ్యాచింగ్‌తో జత కలిపితే బొమ్మ పూర్తిగా తిరిగొస్తుంది.

అమెరికా నుంచి చుట్టాలు పంపిన క్యాసెట్లయితే అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి: 720×480, సెకనుకు 59.94 ఫీల్డులు. వాటికి అసలు ఎన్‌టీఎస్‌సీ సిగ్నలే బయటికిచ్చే వీసీఆర్ వెతకండి. మన వీసీఆర్లు చాలావరకు ఆ సిగ్నల్‌ను పాల్ టీవీ కోసం మార్చి పంపుతాయి, అలా మారిన సిగ్నల్ దగ్గర క్యాప్చర్ కార్డు తడబడుతుంది.