మంచులో కారు దిగబడితే ముందు యాక్సిలరేటర్ మీద కాలు తీయండి

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌కి వచ్చిన మొదటి జనవరిలో, పొద్దున ఏడున్నరకి ఆఫీసుకి బయల్దేరితే, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆరడుగులు కూడా వెళ్లకముందే కారు దిగబడింది. కొత్తవాళ్లు అందరూ చేసే పనే నేనూ చేశాను, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, రబ్బరు కాలిన వాసన వచ్చింది, కారు మాత్రం అంగుళం కదల్లేదు. దిగి చూస్తే టైరు కింద మంచు ఆ రాపిడికి కరిగి, ఆ చలికి వెంటనే మళ్లీ గడ్డకట్టి, నున్నటి ఐసు గుంట తయారైంది. మెత్తటి మంచులో ఉన్న కారుని నేనే కష్టపడి ఐసులోకి దించుకున్నానన్నమాట.

నల్లరేగడిలో దిగబడిన ట్రాక్టర్‌ని బయటికి తీయడం చూసినవాళ్లకి ఇదేం కొత్త కాదు. "తొక్కేకొద్దీ దిగుద్దిరా, ఆపు" అని పెద్దవాళ్లు ముందు బండి ఆపించి, చక్రం ముందు మట్టి తవ్వి, కంపో రాళ్లో గోనెసంచో వేసి, అప్పుడు మెల్లగా కదిలిస్తారు. ఇక్కడ కూడా వరస అదే, కాకపోతే చేతులు కొంకర్లు పోతాయి కాబట్టి గ్లవ్స్ లేకుండా దిగకండి.

ముందు కారు వెనక్కి వెళ్లి సైలెన్సర్ గొట్టం చూడండి. అది మంచులో కూరుకుపోయి ఉండగా ఇంజన్ ఆన్ చేసి, హీటర్ వేసుకుని లోపల కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, తల తిరిగేదాకా తెలియదు. పిల్లల్ని లోపల వెచ్చగా కూర్చోబెట్టి తండ్రి బయట మంచు తవ్వడం ఇక్కడ మామూలుగా కనిపించే దృశ్యం, అందుకే ఈ మాట మొదట చెబుతున్నాను. గొట్టం చుట్టూ రెండడుగులు ఖాళీ చేశాకే ఇంజన్ జోలికి వెళ్లండి.

తర్వాత పార. నాలుగు చక్రాలకీ ముందూ వెనకా తవ్వాలి, ఇది అందరికీ తట్టేదే. తట్టనిది కారు పొట్ట. కింద మంచు బాగా పేరుకుంటే కారు దాని మీద కూర్చుంటుంది, బరువంతా పొట్ట మీద పడి చక్రాలు ఊరికే తిరుగుతాయి, అప్పుడు ఇసుక వేసినా నలుగురు తోసినా లాభం ఉండదు. ఆ రోజు నాకు ఈ సంగతి నేర్పింది మా పై అంతస్తు పెద్దాయన. పైజమా మీదే బూట్లు తొడుక్కుని, ఒక చేత్తో పార, ఇంకో చేత్తో ఇసుక బకెట్ పట్టుకుని, నేను పిలవకుండానే వచ్చాడు. నాతో మాట కూడా కలపకుండా మోకాళ్ల మీద కూర్చుని, పారని పడుకోబెట్టి, బంపర్ కింద నుంచి మంచుని బయటికి లాగడం మొదలుపెట్టాడు, రొట్టెల పొయ్యిలోంచి బూడిద లాగినట్టు. పది నిమిషాలయ్యాక కారు కొంచెం కిందికి కుంగింది. అప్పుడు లేచి, ఇప్పుడు ఎక్కు అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఎక్కాక స్టీరింగ్ తిన్నగా పెట్టండి. తిప్పి ఉన్న చక్రం తన దారిలో ఉన్న మంచునంతా నెట్టుకుంటూ పోవాలి, అంత పట్టు దానికి ఉండదు. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజన్ ముందు చక్రాల్నే తిప్పేది) అయితే ముందు చక్రాల దగ్గర ఇసుక గానీ పిల్లుల లిట్టర్ (పెంపుడు పిల్లుల మలమూత్రాల కోసం తొట్టిలో పోసే పొడి) గానీ చల్లండి. లిట్టర్‌లో ఉండకట్టే రకం వద్దు, తడి తగిలితే ముద్దవుతుంది, చవకరకం మట్టి లిట్టర్ చాలు. ఏమీ లేకపోతే ఫ్లోర్ మ్యాట్లు తిరగేసి చక్రానికి ఆనించి పెట్టండి, కాకపోతే అవి వెనక్కి దూసుకొస్తాయి, ఆ వరసలో ఎవర్నీ నిలబడనీయకండి. ఐసు కరగడానికి చల్లే ఉప్పు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మామూలు ఉప్పు సుమారు 15 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకానే బాగా పనిచేస్తుంది, ఇక్కడ జనవరిలో మైనస్ 10 ఫారెన్‌హీట్ కూడా చూస్తారు.

ఇప్పుడు ఊపడం. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి (కారు వెనక వంకర గీతలున్న బొమ్మ బటన్), లేకపోతే చక్రం కాస్త జారగానే అదే పవర్ తగ్గించేస్తుంది. డ్రైవ్‌లో పెట్టి కాలు ఆనీ ఆననట్టు తొక్కితే కారు కాస్త ముందుకెళ్లి ఆగుతుంది, పూర్తిగా ఆగాక రివర్స్, మళ్లీ ఆగాక డ్రైవ్. ఉయ్యాల ఊపినట్టు ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ దూరం వస్తుంది. కదులుతుండగా గేరు మార్చకండి, గేర్‌బాక్స్ పాడవుతుంది. పది సార్లు ఊపినా రాకపోతే ఆపి మళ్లీ తవ్వండి. తోసేవాళ్లు ఉంటే పక్క నుంచి గానీ మూలల నుంచి గానీ తోయమనండి. ఒకసారి కదిలాక ఆగి థాంక్స్ చెప్పకండి, గట్టి నేల వచ్చేదాకా పోనిచ్చి అప్పుడు దిగి చెప్పండి. నేను మర్యాదకి పోయి మధ్యలో బ్రేక్ వేశాను, మళ్లీ మొదటికొచ్చింది, పెద్దాయన మొహం చూడాల్సింది.

ఆల్ వీల్ డ్రైవ్ (ఇంజన్ నాలుగు చక్రాల్నీ తిప్పేది) కొన్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఒక మాట. అది బయల్దేరడానికి పనికొస్తుంది, ఆగడానికి కాదు, ఆపేది టైర్లే. ఆల్ సీజన్ టైరు రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే గట్టిపడటం మొదలవుతుంది. కెనడాలో క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. మిన్నెసోటాలో అలాంటిదేమీ లేదు, కానీ స్తోమత ఉంటే వేయించండి.

వీధిలో పార్క్ చేసేవాళ్లకి ఇంకో తలనొప్పి, ప్లో బండి. అది రోడ్డు మధ్యలో మంచునంతా పక్కకి తోసి, మీ కారు పక్కనే పొలం గట్టులాంటిది కట్టి పోతుంది. ఆ గట్టు రాత్రికి రాయిలా బిగుసుకుంటుంది, కాబట్టి ఎంత బద్ధకంగా ఉన్నా పడ్డరోజే తవ్వండి. మినియాపొలిస్‌లో వీధుల్లో మంచు తీయడానికి నగరం స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తే మొదటి రోజు రాత్రి 9 నుంచి మర్నాడు పొద్దున 8 వరకు ఎమర్జెన్సీ రూట్లుగా గుర్తించిన రోడ్లలో రెండు పక్కలా పార్కింగ్ లేదు. రెండో రోజు పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు మిగతా వీధుల్లో సరి నంబర్ల ఇళ్ల పక్కన పెట్టకూడదు, మూడో రోజు అదే టైములో బేసి నంబర్ల పక్కన. ఆ వీధి పూర్తిగా ఊడ్చేస్తే ముందే పెట్టుకోవచ్చు. పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో రూల్స్ వేరు. మర్చిపోతే కారు టో అయిపోతుంది, ఫైన్ వేరే.

హైవే మీద తుఫానులో ఆగిపోతే మాత్రం ఈ తవ్వకాలేవీ పెట్టుకోకండి. అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేసి కారులోనే ఉండండి, నడిచి వెళ్దామనుకోకండి. గంటకి పది నిమిషాలు ఇంజన్ నడిపి, గాలి కొట్టని వైపు కిటికీ కాస్త దించి, సైలెన్సర్ మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండాలి. 2022 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో వచ్చిన మంచు తుఫానులో కార్లలో చిక్కుకుని చనిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ట్యాంక్ ఎప్పుడూ సగానికి తగ్గనివ్వకండి. అమ్మ సూట్‌కేసులో బలవంతంగా కుక్కి పంపిన రగ్గు ఉంటుంది చూడండి, అపార్ట్‌మెంట్‌లో హీటింగ్‌కి దాంతో పనుండదు, అది కారులో వేయండి.

పార, ఇసుక, రగ్గు అన్నీ వెనక సీట్లో పెట్టండి. నేను మొదటి ఏడు బుద్ధిగా డిక్కీలో సర్దాను, ఫ్రీజింగ్ రెయిన్ (తగలగానే గడ్డకట్టే వాన) పడిన రాత్రి డిక్కీ తలుపే బిగుసుకుపోయి తెరుచుకోలేదు.