పాత పెట్రోల్ జీపు రిపేరు: బ్రేకు ముందు, రంగు చివర

సగంలో ఆగిపోయి షెడ్డుల్లో పడున్న జీపుల్ని చూడండి. బాడీ తళతళలాడుతుంటుంది, కింద బ్రేకు ఉండదు. ముందే టింకరింగ్, పెయింటింగ్ చేయించేస్తారు. ఆ తర్వాత ఇంజను దింపబోతే ఫెండర్లు గీరుకుపోతాయి. ఛాసిస్‌లో పగులు బయటపడితే బాడీ మళ్లీ ఎత్తాలి. అక్కడితో ఓపికా డబ్బూ రెండూ అయిపోతాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: కాగితాలు, ఛాసిస్, స్టీరింగు, బ్రేకులు, ఇంజను, వైరింగు, బాడీ, అన్నిటికన్నా చివర రంగు.

ఇక్కడ చెప్పేది హరికేన్ పెట్రోల్ ఇంజనున్న మహీంద్రా సీజే-3బి గురించి. ఎత్తు బానెట్ దీని గుర్తు. పొడుగు ఎక్కువున్న ఈ ఇంజను పట్టడానికే 1953లో జీపు అసలు తయారీదారు, అమెరికా కంపెనీ విల్లీస్ బానెట్ పెంచింది. అదే మూసలో మహీంద్రా ఇక్కడ దశాబ్దాల పాటు జీపులు చేసింది కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత గేర్‌బాక్సులు, హౌసింగులు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో బేరింగులు, సీళ్లు, అంగుళాల బోల్టులు వెతుక్కోవచ్చు.

కాగితాలు, పనిముట్లు

అడ్వాన్సు ఇచ్చే ముందే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరును ఫ్రేము మీద పంచ్ కొట్టిన నంబరుతో సరిచూడండి. ఇంజను నంబరు కూడా కలవాలి. డీజిల్ ఇంజను ఎక్కించిన బండైతే ఆ మార్పు ఆర్‌సీలో రాసుండాలి. లేకపోతే ఫిట్‌నెస్ దగ్గర ఇరుక్కుంటారు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కానీ ఆ నంబరుతో రోజువారీ తిరగడం కుదరదు. పొలానికీ సంతకూ వాడుకోవాలంటే మామూలు రీరిజిస్ట్రేషనే మేలు. తుప్పు గీకేటప్పుడు ఛాసిస్ నంబరు మీద గ్రైండరు పెట్టకండి, శాండ్ బ్లాస్టింగుకు ఇచ్చేటప్పుడు అక్కడ మందపాటి టేపు అంటించి ఇవ్వండి. నంబరు చెరిగితే బండి పాతసామాను కిందే లెక్క.

ఈ జీపు బోల్టులన్నీ అంగుళాల కొలతలే. అరంగుళం తలకు 13 పానా పెడితే 0.3 మిల్లీమీటరు వదులు, రెండోసారికి తల గుండ్రమవుతుంది. 9/16 తలకు 14 పానా అసలు ఎక్కదు. 3/8 నుంచి 3/4 దాకా అంగుళాల రింగు పానాల సెట్టు, టార్క్ రెంచి, ఫీలర్ గేజి, కంప్రెషన్ గేజి, మూడు టన్నుల స్టాండ్లు నాలుగు, ఒక టన్ను చైన్ పుల్లీ కావాలి. కొక్కెం ఉన్న స్ప్రింగు తూకం ఒకటి కొనండి, కూరగాయల వాళ్లు వాడేదైనా సరిపోతుంది. దాని పని స్టీరింగు దగ్గర వస్తుంది.

చక్రాలు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, స్టడ్డు తల మీద ఎల్ అక్షరం కనిపిస్తుంది. ఇది తెలియక నాలుగడుగుల పైపు తొడిగి తిప్పితే స్టడ్డు పుటుక్కున విరుగుతుంది.

ఛాసిస్

బాడీ బోల్టులకు రెండు రోజుల ముందే తుప్పు వదిలించే నూనె కొట్టి, ఎనిమిది మందితో బాడీని ఎత్తి డ్రమ్ముల మీద పెట్టండి. ముందు ఎడమ కమాను హ్యాంగరు నుంచి వెనక కుడి హ్యాంగరుకు టేపు లాగి కొలవండి, రెండో మూల కూడా అలాగే. రెండు కొలతలకూ తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లు దాటితే ఫ్రేము వంగింది. దాన్ని జాకీలతో ఇంట్లో సరిచేయాలని చూడకండి, ఫ్రేము బెండు తీసే షెడ్డుకు పంపండి.

పగుళ్లు ఎక్కువగా వచ్చేది స్టీరింగు బాక్సు బిగించిన చోట, కమాను హ్యాంగర్ల పక్కన, ముందు క్రాస్ మెంబరు దగ్గర. వైర్ బ్రష్ కొట్టి, డై పెనెట్రంట్ (పగుళ్లలోకి దిగే రంగు ద్రవం) స్ప్రే చేస్తే వెంట్రుక పగులు కూడా ఎర్రగా బయటపడుతుంది. పగులు చివర 3 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అది ముందుకు పాకదు. తర్వాత వి గాడి తీసి వెల్డింగ్ చేయండి. పైన వేసే ప్లేటును డైమండ్ ఆకారంలో కోయాలి. నలుచదరపు ప్లేటు వేసి ఫ్రేముకు అడ్డంగా నిలువు వెల్డింగ్ కొడితే కొత్త పగులు సరిగ్గా ఆ గీత మీదే వస్తుంది. కమానులకు పాత యూబోల్టులు మళ్లీ వాడకండి, అవి ఒకసారి సాగినవి.

స్టీరింగు

నలభై, నలభై ఐదు స్పీడులో గుంత తగలగానే స్టీరింగు పిచ్చెత్తినట్టు ఊగుతుంటే చాలామంది స్టీరింగు బాక్సునే తిడతారు. తప్పు చాలాసార్లు దానిది కాదు. ముందు బెల్ క్రాంకు చూడండి. ముందు క్రాస్ మెంబరు మీద తిరిగే ఆ చేతిని పట్టుకుని పైకీ కిందకీ ఆడించండి. ఆట తగిలితే పిన్ను, బేరింగులు సెట్టుగా మార్చాలి, గ్రీజు కొట్టినంత మాత్రాన ఆ ఆట పోదు. తర్వాత టైరాడ్ ఎండ్లు. ఆ తర్వాతే నకిల్, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని పక్కకు తిరిగే భాగం.

నకిల్‌లో పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు ఉంటాయి, వాటి బిగువు షిమ్ములతో, అంటే పలచని రేకు బిళ్లలతో నిర్ణయమవుతుంది. ఈ పని ఇలా చేయండి. యాక్సిల్ షాఫ్టు బయటకు లాగండి, నకిల్ వెనక ఫెల్టు సీలు తీసేయండి, టైరాడ్ విడదీయండి. సీలు ఉంటే దాని రాపిడి కూడా కలిసి తూకం తప్పు చూపిస్తుంది. స్టీరింగు చేతి రంధ్రంలో తూకం కొక్కెం తగిలించి మెల్లగా లాగండి. నకిల్ కదులుతున్నంతసేపూ ముల్లు 5.5 నుంచి 7 కేజీల మధ్య ఉండాలి. తక్కువ ఉంటే పైనా కిందా సమానంగా షిమ్ములు తీయండి. ఒకవైపే తీస్తే నకిల్ మధ్యకు రాదు, షాఫ్టు జాయింటు పక్కకు నొక్కుకుంటుంది. ఎక్కువ ఉంటే షిమ్ములు కలపండి. చివరగా టో-ఇన్, అంటే ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగే కొలత, 1.2 నుంచి 2.4 మిల్లీమీటర్లు.

ఈ తరం జీపుల్లో చాలావాటికి స్టీరింగు ఎడమవైపే ఉంటుంది. దాన్ని కుడివైపుకు మార్చేవాళ్లున్నారు. ఆ మార్పులో ఫ్రేముకు వేసిన కొత్త వెల్డింగు నమ్మదగ్గది కాకపోతే ప్రాణం మీదకు వస్తుంది. ఎడమవైపున ఉన్నదాన్ని అలాగే ఉంచండి.

బ్రేకులు

9 అంగుళాల డ్రమ్ములు, ఒకే సర్క్యూట్. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. అందుకే ఇక్కడ పాతవేవీ దాచుకోకూడదు: మాస్టర్ సిలిండర్, నాలుగు వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలన్నీ, పైపులన్నీ కొత్తవే. మెత్తగా వంగుతుందని ఏసీ రాగిగొట్టం వేస్తారు. రాగి అదురుడుకు గట్టిపడి ఫ్లేరు (వెడల్పు చేసిన పైపు చివర) దగ్గర చీలుతుంది. 3/16 అంగుళం స్టీలు పైపు తెచ్చి డబుల్ ఫ్లేరు చేయండి. డ్రమ్ము లోపలి కొలత అసలుకన్నా 1.5 మిల్లీమీటర్లు పెరిగిపోయి ఉంటే మళ్లీ లేత్ ఎక్కించకండి, వేరే డ్రమ్ము వెతకండి.

లైనర్లు కొత్తవి వేసినా బండి ఒకవైపు లాగుతుందంటే కింద యాంకర్ పిన్ను సెట్టింగు వదిలేశారన్నమాట. ఫీలర్ గేజితో షూ అడుగున, అంటే యాంకర్ వైపు, 0.005 అంగుళం, పైన 0.008 అంగుళం సందు పెట్టాలి. డాట్-3 ఆయిలు పోసి, మాస్టర్ సిలిండరుకు ఏ చక్రం దూరమో దాంతో మొదలుపెట్టి గాలి తీయండి. పెడల్‌కు అరంగుళం ఆట వదలాలి. వదలకపోతే మాస్టర్ సిలిండరులోని రిటర్ను రంధ్రం మూసుకుని, నడుస్తుండగా బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

చేతిబ్రేకు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) వెనక ఒక చిన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. అది పట్టడం లేదంటే కేబులు సాగిందనుకునే ముందు డ్రమ్ము విప్పి చూడండి, వెనక సీలు కారి లైనరు ఆయిలులో నాని ఉంటుంది.

ఇంజను

2,199 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. పట్టేసిన ఇంజనైతే ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండరులో 30 మిల్లీలీటర్ల చొప్పున కిరోసిను, ఇంజనాయిలు సగంసగం పోసి మూడు రోజులు వదిలేయండి. తర్వాత హ్యాండిల్ రాడ్డుతో ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఆడించండి. ఇంకో బండికి కట్టి గేరులో లాగారో, రింగు విరుగుతుంది లేదా కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

తిరుగుతున్న ఇంజనైతే విప్పే ముందు కంప్రెషన్ చూడండి. 120 నుంచి 130 పీఎస్ఐ ఉండి, సిలిండర్ల మధ్య తేడా 10 లోపుంటే బోరు జోలికి పోనక్కర్లేదు. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

హెడ్డు దింపేటప్పుడు ఎక్కువమంది బోల్తా పడేది ఒక్క బోల్టు దగ్గర. పైన కనిపించే బోల్టులన్నీ తీస్తారు, హెడ్డు కదలదు. గాస్కెట్ అతుక్కుందనుకుని స్క్రూడ్రైవరు దూర్చి సుత్తితో కొడతారు, హెడ్డు అంచు చితుకుతుంది. కార్బురేటరు విప్పి, అది కూర్చున్న రంధ్రంలోకి టార్చి వేసి చూడండి, మసిలో కూరుకుపోయి ఇంకో బోల్టు తల కనిపిస్తుంది. హెడ్డులోనే ఇన్‌టేక్ దారి పోతుంది, ఆ దారి అడుగునే ఈ బోల్టు. బిగించేటప్పుడు కూడా ముందు దీన్ని గుర్తుపెట్టుకోండి. మరిచిపోతే అక్కడే గాస్కెట్ పోతుంది. టార్క్ 60–70 పౌండ్ అడుగులు, మధ్య నుంచి బయటకు, మూడు విడతల్లో.

బోరు అరుగుడుగానీ అండాకారంగానీ 0.005 అంగుళం దాటితేనే రీబోరు. లేత్ వాళ్లకు బ్లాకు ఇచ్చేముందే పిస్టన్లు కొని చేతికివ్వండి. వాళ్లు పిస్టను కొలిచి బోరు తీయాలి, డబ్బా మీది సైజు చూసి కాదు.

వాల్వు సందు చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్‌కు 0.018, ఎగ్జాస్ట్‌కు 0.016 అంగుళం. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ రోటరు గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది. పాయింట్ల సందు ఆటోలైట్ కంపెనీ డిస్ట్రిబ్యూటరుకు 0.020 అంగుళం, లూకాస్ కంపెనీది వేసుంటే 0.014–0.016. ప్లగ్గు సందు 0.030 అంగుళం. టైమింగ్ టీడీసీకి (పిస్టను పూర్తిగా పైకి చేరే చోటు) 5 డిగ్రీల ముందు. డిస్ట్రిబ్యూటరును తిప్పేది ఆయిల్ పంపు షాఫ్టే, పంపు ఒక పన్ను అటూఇటూ కూర్చుంటే టైమింగ్ ఎంత తిప్పినా దొరకదు.

బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇది పాత రబ్బరు గొట్టాల్నీ, పంపు డయాఫ్రమునూ మెత్తబరిచి ముక్కలు చేస్తుంది, ట్యాంకులో పేరుకున్న తుప్పును లేపి జెట్లలోకి తోస్తుంది. ఇథనాలును తట్టుకునే గొట్టం, కొత్త డయాఫ్రమ్ వేసి, పంపుకు ముందు గాజు ఫిల్టరు పెట్టండి. ట్యాంకు సీటు కిందే ఉంటుంది. కారుతోందని దాన్ని నేరుగా వెల్డింగుకు పంపకండి, ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. రేడియేటరు షాపుల్లో కడిగి, ఆవిరి పోగొట్టాకే అతుకు వేస్తారు.

ఆయిళ్లు: ఇంజనుకు 3.8 లీటర్లు, ఫిల్టరుతో కలిపి సుమారు 4.7. గేర్‌బాక్సుకు 1.4, ట్రాన్స్‌ఫర్ కేసుకు 1.6, ఒక్కో డిఫరెన్షియలుకు 1.2. గేర్‌బాక్సులో ఇత్తడి రింగులుంటాయి కాబట్టి జీఎల్-4 రకం 90 నంబరు ఆయిలే పోయండి. ట్రాన్స్‌ఫర్ కేసు, గేర్‌బాక్సు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఆయిలు దాంట్లోంచి దీంట్లోకి పాకుతుంది. అందుకే రెండు ప్లగ్గులూ విడివిడిగా విప్పి లెవెలు చూడాలి.

వైరింగును అతుకులతో బతికించే ప్రయత్నం వద్దు. కొత్త హార్నెస్ వేసి, ప్రతి సర్క్యూటుకూ ఫ్యూజు పెట్టి, ఇంజను నుంచి ఛాసిస్‌కు మందపాటి ఎర్తు పట్టీ వేయండి.

బాడీ, రంగు

ఫ్లోరు కింద అడ్డంగా పోయే టోపీ ఆకారపు ఛానెళ్లలో బురద నిండి, ఫ్లోరు కిందనుంచి తింటుంది. పైన కాళ్లకింద గట్టిగా ఉందని నమ్మకండి, సుత్తి మొనతో తట్టి చూడండి. 18 గేజి షీటుతో పాచీ వేయండి. 15–20 మిల్లీమీటర్లు వెల్డింగ్ చేసి, దూరంగా ఇంకోచోటకు వెళ్లి, మళ్లీ వెనక్కి రావాలి. ఒకే గీతగా లాగితే షీటు అప్పడంలా లేస్తుంది. కొత్త ఛానెలుకు కింద 10 మిల్లీమీటర్ల రంధ్రాలు వదిలితే నీళ్లు దిగిపోతాయి.

శుభ్రమైన ఇనుము మీద ముందు ఎపాక్సీ ప్రైమరు, దానిపైన పుట్టీ, అదీ 2–3 మిల్లీమీటర్లు మించకుండా. తుప్పు మీద నేరుగా పుట్టీ పెడితే మొదటి వానాకాలానికే పొక్కుతుంది. కోస్తాలో చలికాలం పొద్దున్నే రేకు మీద కంటికి కనపడని మంచు ఉంటుంది, పది దాటాక గన్ను పట్టండి. పీయూ (పాలీయురెథేన్) రంగుల హార్డెనరులో ఐసోసయనేట్ అనే విషపదార్థం ఉంటుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. గాలి గొట్టమున్న మాస్కు లేకపోతే ఆ పని పెయింటు బూతుకు అప్పగించండి.

మొదటి 500 కిలోమీటర్లు 50 దాటించకండి. మధ్యమధ్య ఆగి నాలుగు హబ్బుల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే కాలుతుంటే అక్కడ షూ రాసుకుంటోంది లేదా బేరింగు బిగిసింది. 500 అయ్యాక ఆయిలు మార్చి, యూబోల్టులు మళ్లీ బిగించండి. ఇంజను పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టుల టార్క్ కూడా సరిచూడండి. దానికి కార్బురేటరు మళ్లీ విప్పాలి.