చేతికి సరిపడే రివాల్వర్: బెంగళూరు లైసెన్సుదారులకు ఎంపిక మార్గం

మా బావమరిదికి లైసెన్సు మంజూరైన తరువాత అతని వెంట నేనూ ఆయుధాల దుకాణానికి వెళ్ళాను. చిక్‌పేటలో పని చేయించిన నగలను రాత్రిపూట మారతహళ్ళిలోని తన కొట్టుకు తెచ్చుకోవడం అతని వృత్తిలో భాగం కనుక, లైసెన్సు అడగడానికి అతనికి చెప్పుకోదగ్గ కారణమే ఉంది. దుకాణదారు అద్దాల బల్ల మీద గుడ్డ పరిచి మూడు రివాల్వర్లు పెట్టగానే, అతని చేయి తిన్నగా వాటిలో అన్నిటికంటే తేలికైన దాని మీదికి వెళ్ళింది. "బావా, ఇది నడుముకు ఉన్నట్టే తెలియదు, ఇదే తీసుకుందామా?" అని అడిగాడు. ఖాళీ సిలిండర్‌లో, అంటే తూటాలు పట్టే గుండ్రటి తిరుగుడు భాగంలో, మందు లేని డమ్మీ తూటాలు వేయించి, గోడ మీద ఒక మేకును చూపించి, తూటాను కొట్టే హ్యామర్‌ను ముందుగా వెనక్కి లాగకుండా ఆరుసార్లు ట్రిగ్గర్ నొక్కమన్నాను. ఆరుసార్లూ గొట్టం కొన కుడివైపు కిందికి జారింది. ఆ తరువాత అతను ఆ రివాల్వర్‌ను మళ్ళీ ముట్టుకోలేదు.

ఎంపిక అక్కడి నుంచే మొదలుకావాలని నా అభిప్రాయం. అయితే దుకాణం మెట్లు ఎక్కడానికి ముందు లైసెన్సు సంగతి ఉంది. బెంగళూరు నగర పరిధిలో లైసెన్సు ఇచ్చే అధికారం పోలీసు కమిషనరుది. దరఖాస్తుదారుకు 21 ఏళ్ళు నిండి ఉండాలి, స్థానిక పోలీస్ స్టేషన్ విచారణ నివేదిక రావాలి, ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొంది ఉండాలి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించిన తరువాత ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. కొడగు మిత్రుల ఇళ్ళలో లైసెన్సు లేని తుపాకులను చూసి ఆ వెసులుబాటు కర్ణాటకలో అందరికీ ఉందనుకునే వారిని నేను ఎరుగుదును. ఆ మినహాయింపు కొడవ జాతివారికీ, అక్కడి జమ్మా భూముల (వంశపారంపర్యంగా వచ్చే భూముల) హక్కుదారులకూ మాత్రమే వర్తిస్తుంది కాని, అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన మనకు వర్తించదు.

రివాల్వర్‌ను బయటికి కనబడకుండా పెట్టుకోవడం కొన్ని దేశాలలో ఇష్టాన్ని బట్టి జరిగే పని కావచ్చు కాని, మన దేశంలో అది చట్టం విధించిన షరతు. బహిరంగ ప్రదేశంలో పిస్టల్‌నైనా రివాల్వర్‌నైనా దానికోసం తయారైన హోల్‌స్టర్ (తుపాకి తొడుగు)లోనో అటువంటి సంచిలోనో పెట్టుకోవాలనీ, అది పూర్తిగా కప్పబడి ఉండాలనీ, ధరించిన వ్యక్తి అదుపులోనే ఉండాలనీ 2016 నాటి ఆయుధాల నియమావళి చెబుతుంది. పెళ్ళి పందిట్లో చొక్కా పైకెత్తి పిడి చూపించే పెద్దమనుషులు దర్పం చూపుతున్నామనుకుంటారు కాని, నిజానికి లైసెన్సును పణంగా పెడుతుంటారు. ఆ పందిట్లోనే సరదాకు గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడతాయి. కాబట్టి రోజంతా మీ ఒంటి మీద, మీరు మామూలుగా కట్టే బట్టల కింద, పైకి తెలియకుండా ఇమిడే రివాల్వరే మీకు కావలసింది.

ఇక బజారులో దొరికేవి చూద్దాం. 9 మిల్లీమీటర్ల పిస్టళ్ళు సామాన్య పౌరులకు నిషిద్ధమైన కోవలో ఉన్నాయి. 1980ల మధ్య నుంచి పౌరుల కోసం విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అందువల్ల కొత్త రివాల్వర్ కొనేవారికి ఆచరణలో మిగిలేది ఎక్కువగా .32, అంటే గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో దాదాపు మూడో వంతు ఉన్నదే. కాన్పూరులో తయారయ్యే ఆరు తూటాల మామూలు .32, పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో మధ్యకు విరిచినట్టు తెరుచుకుంటుంది, బరువు సుమారు 700 గ్రాములు. 2014లో అదే ఊరి నుంచి మహిళల కోసమంటూ వచ్చిన 'నిర్భీక్' టైటానియం మిశ్రలోహంతో చేసినది, 525 గ్రాములు. అప్పట్లో దాని ధర 1,22,360 రూపాయలు, దాన్ని నగల పెట్టె లాంటి ముదురు ఎరుపు పెట్టెలో ఇచ్చేవారు. 2023 ఆగస్టులో కాన్పూరు ప్రభుత్వ సంస్థ విడుదల చేసిన 'ప్రబల్' బరువు 675 గ్రాములు, దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఈశాపూర్‌లో చేసే 'నిడర్' .22 రివాల్వర్ కేవలం 250 గ్రాములు, ఎనిమిది తూటాలు పడతాయి.

వీటిలో 'నిడర్' విషయంలో నాకు ఒక సంకోచం ఉంది. .22 తూటాలో మందును అంటించే రసాయనం అంచు చుట్టూ ఉంటుంది కనుక, మధ్యలో ఆ రసాయనం (ప్రైమర్) ఉన్న తూటాలతో పోలిస్తే పేలకుండా మొరాయించేవి ఎక్కువ. ఆత్మరక్షణకు పెట్టుకున్న వస్తువులో ఈ బలహీనతను తేలికగా తీసుకోకూడదు. .32 కూడా బలమైన తూటా ఏమీ కాదు. 98 గ్రెయిన్ల (ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ) సీసపు గుండు సెకనుకు 215 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే దాని శక్తి 150 జౌల్స్‌కు కాస్త అటూ ఇటూ ఉంటుంది, మామూలు 9 మిల్లీమీటర్ల తూటా శక్తిలో ఇది దాదాపు మూడో వంతు. తక్కువ శక్తి గల తూటా తగలవలసిన చోటనే తగలాలి కాబట్టి, ఎంత దూరం పోతుంది అన్నది కాక ఎంత నిలకడగా కాల్చగలరు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 'ప్రబల్' 50 మీటర్ల దాకా పనిచేస్తుందని ప్రచారం చేశారు. అయితే 50 మీటర్ల దూరంలో ఉన్నవాడి నుంచి తప్పించుకుని వెళ్ళే వీలు సాధారణంగా ఉంటుంది, అటువంటప్పుడు కాల్చి అది ఆత్మరక్షణ అని కోర్టులో నిలబెట్టుకోవడం చాలా కష్టం.

మా బావమరిది చేతిలో గొట్టం ఎందుకు జారిందో చెబుతాను. హ్యామర్‌ను వెనక్కి లాగకుండా నేరుగా కాల్చేటప్పుడు ఆ ఒక్క వేలే హ్యామర్‌ను ఎత్తాలి, సిలిండర్‌ను తిప్పాలి, చివరకు హ్యామర్‌ను వదలాలి. మామూలు రివాల్వర్లలో దీనికి నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల బలం పడుతుంది. అర కిలో బరువున్న వస్తువును పట్టుకుని దాని మీద ఐదు కిలోల బలం ప్రయోగిస్తే ఆ వస్తువే కదులుతుంది. 700 గ్రాముల రివాల్వర్ కదలకుండా ఉండిపోతుందని కాదు, తక్కువ కదులుతుంది, సాధనతో ఇంకా తగ్గుతుంది. హ్యామర్‌ను ముందే లాగి పెట్టుకుంటే ట్రిగ్గర్ చాలా తేలికవుతుంది నిజమే కాని, చెమట పట్టిన చేత్తో, భయంలో, అంత తేలికైన ట్రిగ్గర్ మీద వేలుంచడం ప్రమాదకరం. లాగిన హ్యామర్‌ను పేలకుండా మెల్లగా దించడం అంతకంటే ప్రమాదకరం. అందుచేత మీరు ఎంచుకునేది నేరుగా నొక్కి కాల్చగలిగినదై ఉండాలి. ఆడవారికైనా మగవారికైనా ఇదే కొలత. చూపుడు వేలు మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా అందుతూ, చిటికెన వేలికి కూడా పిడి మీద చోటుండాలి. చిటికెన వేలు గాలిలో వేలాడుతుంటే పిడి చిన్నదైందని అర్థం.

దుకాణంలో చేయవలసిన పరీక్షలకు అరగంట చాలు. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ముందుగా సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని మీ కళ్ళతో, ఆపైన వేలితో చూసుకోండి. తరువాత హ్యామర్‌ను నిదానంగా వెనక్కి లాగుతూ, అది చివరకు చేరేసరికి సిలిండర్ సరైన చోట బిగుసుకుందో లేదో ఆరు గదులకూ విడివిడిగా గమనించండి. బిగుసుకున్న సిలిండర్‌ను బొటనవేలితో అటూ ఇటూ కదిపితే వెంట్రుకవాసి కదలిక మామూలే కాని, టకటకమని ఊగితే గది గొట్టానికి ఎదురుగా నిలవడం లేదని అర్థం. అలాంటిదానిలో గుండు అంచు చెక్కుకుపోయి సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య సందు ఆరు గదుల దగ్గరా ఒకేలా, సన్నగా ఉండాలి. ఆ సందులోంచి కాల్చినప్పుడల్లా వేడి వాయువు పక్కకు కొడుతుంది కాబట్టి రెండో చేతి వేళ్ళను అక్కడికి ఎన్నడూ పోనివ్వకూడదు. రివాల్వర్ తెరిచి వెనుక తెల్ల కాగితం అడ్డుపెట్టి గొట్టంలోకి చూస్తే మెలికల గాడులు స్పష్టంగా, తుప్పు గుంటలు లేకుండా కనిపించాలి. మధ్యకు విరిగే రకమైతే మూసిన తరువాత గొట్టాన్ని ఒక చేత్తో, పిడిని మరో చేత్తో పట్టుకుని ఊపి చూడండి. కీలులో వదులుంటే, ముఖ్యంగా చేతులు మారిన పాత వెబ్లీలలో, ఎంత పేరున్న సరకైనా వదిలేయడమే మంచిది. దిగుమతి లేకపోవడం వల్ల పాత విదేశీ రివాల్వర్లకు లక్షల్లో ధర పలుకుతుంది. ఆ డబ్బులో అధిక భాగం వాటి మీద ఉన్న పేరుకే పోతుందని నాకనిపిస్తుంది.

హోల్‌స్టర్ విషయంలో నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. మొదట్లో రబ్బరు పట్టీ ఉన్న మెత్తని గుడ్డ సంచిని కొన్నాను, చవకైనది, నడుముకు ఒత్తుకునేది కాదు. ఒక రాత్రి మా వాకిట్లో చెప్పుల పట్టీ విప్పడానికి వంగగానే రివాల్వర్ అందులోంచి జారి గ్రానైట్ రాయి మీద ఠంగుమని పడింది. పేలలేదు. పడుతున్నదాన్ని పట్టుకోబోయే నా చేయి ఎందుకో ఆగింది, అదీ అదృష్టమే, ఎందుకంటే పడే తుపాకిని ఒడిసిపట్టబోతే వేలు ట్రిగ్గర్‌లో దూరే ప్రమాదం ఉంది, దాన్ని పడనివ్వడమే పద్ధతి. హోల్‌స్టర్ గట్టి తోలుతో మీ రివాల్వర్ ఆకారానికే కుట్టినదై, ట్రిగ్గర్ రక్షక వలయాన్ని పూర్తిగా మూసి, తలకిందులు చేసినా జారకుండా పట్టి ఉంచాలి. దానికి తగ్గ మందపాటి బెల్టు కూడా కావాలి. కింద పడినప్పుడు హ్యామర్‌కు దెబ్బ తగిలినా తూటా పేలకుండా అడ్డుకునే ఏర్పాటు లోపల ఉందో లేదో కొనేటప్పుడే అడగండి. లేని పాత రకమైతే ఐదు తూటాలే నింపి, హ్యామర్ కింది గదిని ఖాళీగా ఉంచడం పూర్వపు పద్ధతి, ఇప్పటికీ సరైన పద్ధతి. చొక్కాను టక్ చేయకుండా, ఒక సైజు వదులుగా వేసుకుంటే కుడి తుంటి వెనుక పెట్టుకున్నది కనబడదు. చేతిసంచిలో తాళాలు, నాణేలతో కలిపి వేయడం మాత్రం ఎవరికీ తగదు.

ఒంటి మీద ఉన్న రివాల్వర్‌తో వెళ్ళలేని చోట్లు ఈ ఊరిలో చాలా ఉన్నాయి. మెట్రో స్టేషన్ తనిఖీ దాటదు, మాల్‌లోకి రానివ్వరు, జాతరలకూ మతపరమైన ఊరేగింపులకూ విద్యాసంస్థల ఆవరణలకూ తీసుకువెళ్ళకూడదని లైసెన్సు షరతులే చెబుతాయి. కారు డాష్‌బోర్డు అరలోనో స్కూటర్ డిక్కీలోనో వదిలి వెళ్ళడం దొంగకు అప్పగించడమే. కాబట్టి ఆ రోజు వెళ్ళే చోట్లు చూసుకుని, కుదరదనుకుంటే ఇంట్లో ఇనుప పెట్టెలో తాళం వేసి వెళ్ళాలి. మనవాళ్ళు మరిచిపోయేది సరిహద్దు. లైసెన్సు కర్ణాటకకే పరిమితమై ఉంటే, పండక్కి హిందూపురం వెళ్తూ బాగేపల్లి దాటి ఆంధ్ర సరిహద్దులో అడుగుపెట్టిన క్షణం నుంచి మీరు నేరం చేస్తున్నట్టే. హోసూరు వైపూ అంతే. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఆయుధాన్ని స్టేషన్‌లో అప్పగించమని ఆదేశం వస్తే అప్పగించి రసీదు తీసుకోండి.

ఏ సందర్భంలో కాల్చవచ్చన్నది 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లు చెబుతాయి. ప్రాణం పోతుందనో, తీవ్రమైన గాయమవుతుందనో, అత్యాచారం, దోపిడీ వంటి ఆ సెక్షన్లు పేర్కొన్న ఘోర నేరం జరుగుతుందనో నిజమైన భయం ఉండాలి, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉండకూడదు, అవసరానికి మించిన హాని చేయకూడదు. గొలుసు తెంపుకుని బైకు మీద పారిపోతున్నవాడి వీపు మీదికి కాల్చినవాడికి ఈ సెక్షన్లు అండగా నిలవవు.

కొన్న తరువాత రైఫిల్ క్లబ్బులో కనీసం యాభై తూటాలు మీరే కాల్చాలి, అదీ మూడు నుంచి ఏడు మీటర్ల దూరంలో. పేలకపోతే గొట్టాన్ని గురి వైపే ఉంచి అర నిమిషం ఆగిన తరువాతే సిలిండర్ తెరవండి. తూటా మామూలు కంటే మెత్తగా, తుస్సుమన్నట్టు పేలిందనిపిస్తే మాత్రం మరోసారి ట్రిగ్గర్ నొక్కవద్దు, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు. పాత నిల్వ తూటాలతో నాకు ఒకసారి అలాగే జరిగింది. ఖాళీ చేసి, గొట్టంలోంచి ఇత్తడి కడ్డీ దూర్చి చూస్తే సగం లోతులోనే ఆగింది. అప్పటి నుంచి రోజూ ధరించే ఆరింటినీ ఏడాదికోసారి రేంజిలో కాల్చేసి కొత్తవి నింపుతున్నాను. వానాకాలంలో చెమట అంటిన రివాల్వర్‌ను తోలు హోల్‌స్టర్‌లోనే రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తుప్పు చుక్కలు కనబడతాయి కనుక, రాత్రి ఇంటికి రాగానే ఖాళీ చేసి, నూనె గుడ్డతో తుడిచి, హోల్‌స్టర్ నుంచి విడిగా పెట్టెలో పెడతాను. మా బావమరిది చివరకు 700 గ్రాముల మామూలు .32 నే తీసుకున్నాడు. నడుముకు బరువుగా ఉందని నెలరోజులు సణిగి, ఆ తరువాత మందమైన బెల్టు కొనుక్కున్నాడు.