అంతర ఇంజెక్షన్: సూది వేసే ముందు ఏఎన్ఎం చెప్పాల్సిన మాటలు

గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే సూది ఇది. 2017లో ప్రభుత్వాసుపత్రుల్లోకి వచ్చిన అంతర ఇంజెక్షన్‌ను ఆడవాళ్లు మధ్యలో మానేయడానికి ప్రధాన కారణం నెలసరి తేడాలు. మందు వల్ల అవి ఎలాగూ వస్తాయి. ముందే చెప్పి ఉంటే ఆమె భయపడదు.

మొదట తలుపు దగ్గరికి వేయండి. అత్తగారి ఎదుట ఏ కోడలూ నిజం చెప్పదు. "ఇంకా పిల్లలు కావాలా అమ్మా? ఎప్పటికి?" అని అడగండి. చివరి సూది తర్వాత గర్భం రావడానికి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు కాబట్టి ఈ జవాబు చాలా ముఖ్యం. త్వరలోనే బిడ్డ కావాలంటే ఛాయ, మాలా-ఎన్ మాత్రలు, నిరోధ్, కాపర్-టి బల్లమీద పెట్టి చూపించండి, చేత్తో పట్టుకోనివ్వండి.

"ఏమీ కాదులే" అని మాత్రం అనకండి. ఇలా చెప్పండి: "మొదటి కొన్ని నెలలు మధ్యమధ్యలో మరకలు కనిపించొచ్చు. తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. చెడు రక్తం లోపల నిలిచిపోవడం కాదమ్మా. గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది, రాలిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు." ఈ చెడు రక్తం భయం మన ఊళ్లలో చాలా బలమైనది, ఆమె అడగకపోయినా మీరే ఎత్తండి. రక్తస్రావం మామూలుకన్నా రెట్టింపైనా, 8 రోజులు దాటినా, చూపు మసకబారేంత తలనొప్పి వచ్చినా వెంటనే రమ్మనండి. సూది వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. అలా చేస్తే మందు త్వరగా కరిగిపోయి, పూర్తిగా మూడు నెలల పాటు దాని ప్రభావం నిలవకపోవచ్చు.

"అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. "నెలసరి ఆగిపోతే ఏమనుకుంటావ్? ఏం చేస్తావ్?" అని అడగండి. తడబడితే తప్పు ఆమెది కాదు, మనం సరిగ్గా చెప్పలేదన్నమాట. మళ్లీ చెప్పండి.

ఇంట్లో తెలియకుండా వేయించుకునేవాళ్లూ ఉంటారు. "కార్డు ఇంటికి తీసుకెళ్తావా, ఇక్కడే ఉంచమంటావా?" అని అడగండి, ఫోన్ చేయొచ్చో లేదో కూడా కనుక్కోండి.

తేదీ రాసివ్వడంతో ఆగకుండా "సంక్రాంతి వెళ్లిన వారానికి" అన్నట్టు గుర్తుండేలా చెప్పండి. గడువుకు 2 వారాల ముందైనా, 4 వారాల తర్వాతైనా సూది వేయొచ్చు. ఆలస్యంగా వచ్చినా కసురుకోకండి. 4 వారాలు దాటితే గర్భం లేదని తేల్చుకున్నాక సూది వేసి, 7 రోజులు నిరోధ్ వాడమనండి.